వైఫై రాకపోతే తిట్టాల్సింది లినక్సుని కాదు

"లినక్సా? అందులో వైఫై కూడా సరిగ్గా రాదు కదా బాసూ!"

ఇంజనీరింగు మొదటి సంవత్సరం నుంచి వింటున్నానీ మాట. అప్పుడు ల్యాబులో సీనియర్లు అనేవారు, ఇప్పుడు ఆఫీసు క్యాంటీన్లో సహోద్యోగులు అంటున్నారు. విచిత్రమేమిటంటే, అనేవాళ్లలో సగం మంది పొద్దున్నుంచి రాత్రి దాకా లినక్సు సర్వర్ల మీదే బతుకుతుంటారు. ఒకటో తారీఖున జీతం పడేది ఆ లినక్సు పుణ్యమే. పైగా వాళ్ల జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల తిరిగేది లినక్సు కెర్నెలే. ఇంట్లో మూలన దీపాలు మిణుకుమిణుకుమంటూ వైఫైని పంచిపెట్టే రూటరు పెట్టె ఉంటుంది చూశారూ, చాలా ఇళ్లలో దాని లోపల కూడా లినక్సే. అంటే రూటరు లినక్సు, ఫోను లినక్సు, రెండింటి మధ్యా వైఫై బ్రహ్మాండంగా నడుస్తోంది. అయినా సరే, "లినక్సులో వైఫై రాదు"!

ఎక్కడో లెక్క తప్పింది కదూ? ఎక్కడ తప్పిందో తేలుద్దామనే ఈ టపా. కాస్త పొడుగే, టీ పెట్టుకుని కూర్చోండి.

నేననేది ముందే చెప్పేస్తాను. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పనిచేయకపోతే అది లినక్సు చేతకానితనం కాదు. ఆ చిప్పు తయారుచేసినవాడు, దాన్ని ఎలా నడపాలో మనకి చెప్పకుండా దాచాడని అర్థం. వాడు ఇన్నేళ్లుగా అలా దాచగలుగుతున్నాడంటే, కొనేటప్పుడు అడిగే నాథుడు లేడు గనక. అడగాల్సిన మొదటి వరసలో ఉండవలసింది ఎవరయ్యా అంటే, ఆ విషయం తెలిసిన ఐటీ జనం. వాళ్లేమో అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు లినక్సుని తిట్టి ఊరుకుంటున్నారు.

ఇదంతా పాత గొడవ, ఇప్పుడెందుకు తవ్వుతున్నావంటారా? ఇప్పుడే కావాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసరు నుంచే లెక్క. దాంతో ఏ రోగమూ లేని ల్యాప్‌టాపులు ఒక్కరోజులో ముసలివైపోయాయి. స్క్రీను బాగుంది, కీబోర్డు బాగుంది, ఒక ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకో నాలుగైదేళ్లు నడుస్తుంది. కానీ భద్రతా అప్‌డేట్లు రావు. కొంతకాలం పొడిగింపు ఇచ్చినా అది తాత్కాలికమే. అలాంటి యంత్రాలకి మిగిలిన దారి రెండు: చెత్తబుట్ట, లేదా లినక్సు. ఆ రెండో దారిలో చాలామందికి మొదట తగిలే గోతి వైఫై కార్డే.

మా బాబాయి సంగతే చూడండి. రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన దగ్గర 2015 నాటి ల్యాప్‌టాపు ఒకటుంది. పెన్షను కాయితాలు, మనవరాలితో వీడియో కాలు, పద్యాలు టైపు చేసుకోవడం, అంతే ఆయన వాడకం. దానికి లినక్సు ఎక్కించాను. స్క్రీను వచ్చింది, సౌండు వచ్చింది, టచ్‌ప్యాడు వచ్చింది, తెలుగు అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. వైఫై గుర్తు మాత్రం రాలేదు. లోపలున్న చిప్పు కంపెనీ పేరు అనవసరం. దాని డ్రైవరు కెర్నెల్లో లేదు, కంపెనీ విడిగా ఇచ్చిన మూసిన డ్రైవరు కొత్త కెర్నెలు మీద కంపైలు కాదు. బాబాయి కాసేపు చూసి, "ఒరే నాన్నా, ఎందుకురా ఈ తంటా, బజారులో ఆ కుర్రాడి దగ్గర పడేస్తే ఐదొందలకి దొంగ విండోస్ వేసిచ్చేస్తాడు కదరా" అన్నారు. ఆయన జీవితమంతా పిల్లలకి నీతిపద్యాలు చెప్పిన మనిషి. ఆ మనిషి చేత ఈ మాట అనిపించింది లినక్సు కాదు, ఆ చిప్పు.

సరే, అసలు లోపల జరిగేదేమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఇది తెలిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

వైఫై కార్డు నడవాలంటే రెండు కావాలి. ఒకటి డ్రైవరు, ఇది మన ప్రాసెసరు మీద కెర్నెలుతో కలిసి నడుస్తుంది. రెండోది ఫర్మ్‌వేర్, ఇది కార్డులో ఉన్న చిన్న ప్రాసెసరు మీద నడుస్తుంది. నాలుగు పైసలు మిగుల్చుకోవడానికి చాలా కార్డుల్లో ఫర్మ్‌వేరుని దాచుకునే మెమరీ పెట్టరు. మనం కంప్యూటరు ఆన్ చేసిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమే ఆ ఫైలుని తీసుకెళ్లి కార్డులో పోయాలి. డ్రైవరు రాయాలంటే చిప్పులో ఏ రిజిస్టరు ఏం చేస్తుందో చెప్పే పత్రాలు కావాలి. ఫర్మ్‌వేర్ పంచాలంటే కంపెనీ అనుమతి కావాలి. ఈ రెండూ ఉన్న కార్డు లినక్సులో పెట్టగానే పనిచేస్తుంది, లేనిది చేయదు. అంతే కథ! ఇందులో లినక్సు తెలివితేటల ప్రసక్తి ఎక్కడుంది చెప్పండి?

తాళం అమ్మి, తాళంచెవి మాత్రం పక్కవీధి వాడింట్లో ఇచ్చాను, అక్కడే అడుక్కో అన్నాడట ఒకడు. తలుపు తెరుచుకోకపోతే తప్పు తలుపుదా?

ఇక మామూలుగా వినపడే సమర్థింపులు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి సమర్థింపు: "లినక్సు వాళ్లే డ్రైవరు రాసుకోవచ్చుగా?"

రాశారండీ బాబూ! కాయితం ముక్క చేతికివ్వకపోయినా రాశారు. 2000ల మొదట్లో బ్రాడ్‌కామ్ చిప్పులు ఎన్నో ల్యాప్‌టాపుల్లో ఉండేవి, పత్రాలు మాత్రం బయటికి రాలేదు. అప్పుడు జనం ఏం చేశారంటే, ఒక బృందం మూసిన డ్రైవరుని విప్పి, అది చిప్పుతో ఏం మాట్లాడుతోందో చదివి వివరాలు రాసింది. ఇంకో బృందం ఆ వివరాలు మాత్రమే చూసి కొత్తగా కోడు రాసింది. కాపీ కొట్టారన్న మాట రాకూడదని ఇంత జాగ్రత్త. అలా పుట్టిన డ్రైవరు 2006లో 2.6.17 కెర్నెల్లోకి వచ్చింది, దాని తర్వాతి రూపం బీ43 2008 జనవరిలో 2.6.24తో వచ్చింది. అయినా కష్టం తీరలేదు. ఫర్మ్‌వేరుని పంచడానికి అనుమతి లేదు కదా! అందుకని ఎవరికి వారు కంపెనీ డ్రైవరు ఫైలు దించుకుని, అందులోంచి ఫర్మ్‌వేరు ముక్కని కోసి తీసుకోవాలి. దానికో పనిముట్టు, పేరు బీ43 ఎఫ్‌డబ్ల్యూకట్టర్. పేరులోనే కత్తెర ఉంది చూడండి.

అంతకుముందు ఇంకో ఘనకార్యం ఉండేది, ఎన్‌డీఐఎస్‌రాపర్ అని. విండోస్ ఎక్స్‌పీ కోసం రాసిన డ్రైవరు ఫైలుని తెచ్చి లినక్సు కెర్నెలు లోపల నడిపించేది. ఒకసారి ఊహించుకోండి. ఆ స్థాయి పని చేసినవాళ్లని పట్టుకుని "రాసుకోవచ్చుగా" అంటే ఏమనాలి?

ఇంకా ఉంది. 2007 జనవరిలో కెర్నెలు డెవలపరు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ కంపెనీలన్నిటికీ బహిరంగంగా ఒక మాట ఇచ్చాడు. మీ పరికరానికి పత్రాలో, లేక వివరాలు చెప్పే ఒక ఇంజనీరునో ఇవ్వండి, లినక్సు డ్రైవరు మేమే ఉచితంగా రాసిపెడతాం, రహస్యాలు బయటపెట్టం అని ఒప్పందం కావాలన్నా సంతకం పెడతాం అన్నాడు. ఉచితంగా! ఆఫీసులో ఏ వెండరైనా మనకి ఇలాంటి ఆఫరు ఇచ్చాడా ఎప్పుడైనా? ఇంత తర్వాత కూడా పత్రాలు దాచుకున్నవాడికి డబ్బు కొరత అడ్డమని నేనైతే నమ్మను.

రెండో సమర్థింపు: "రేడియో తరంగాలండీ, చట్టం ఒప్పుకోదు. డ్రైవరు తెరిచి ఇస్తే జనం పవరు పెంచేసుకుంటారు, నిషేధించిన ఛానెళ్లు వాడేస్తారు."

ఇది వినడానికి చాలా పెద్దమనిషి తరహాగా ఉంటుంది. కానీ చరిత్ర చూస్తే నిలబడదు. ఇంటెల్ 3945 కార్డుకి 2006లో ఇచ్చిన డ్రైవరుతో పాటు మూసిన ప్రోగ్రాము ఒకటి వెనకాల నడవాల్సి వచ్చేది, కారణం ఈ రేడియో నిబంధనలే అన్నారు. 2007కల్లా అదే ఇంటెల్ ఆ పనిని కార్డు ఫర్మ్‌వేరులోకి జరిపి, ఆ వెనకాల ప్రోగ్రాము అక్కర్లేని డ్రైవరు ఇచ్చింది. ఆకాశం విరిగిపడలేదు.

అథెరాస్ సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. లినక్సులో వాడే మ్యాడ్‌వైఫై డ్రైవరు మధ్యలో హాల్ అని ఒక మూసిన ముక్క ఉండేది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు దానికి బదులు తెరిచిన ముక్క రాశారు, లినక్సు వాళ్లు దాన్ని ఆధారం చేసుకుని ఏటీహెచ్5కే రాశారు. మధ్యలో కాపీరైటు సందేహాలు వస్తే 2007లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ లాయర్లు పరిశీలించి ఉల్లంఘన లేదని తేల్చారు. 2008లో ఏం జరిగింది? అథెరాస్ తానే దిగివచ్చి, ఏటీహెచ్9కే అనే డ్రైవరుని పూర్తిగా తెరిచి ఇచ్చింది. ఆ కుటుంబంలోని పీసీఐ కార్డులకి బయటి ఫర్మ్‌వేరు ఫైలు కూడా అక్కర్లేదు. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కూడా కొన్ని చిప్పులకి తెరిచిన డ్రైవరు ఇచ్చింది.

చట్టం అడ్డమైతే ఇవన్నీ ఎలా జరిగాయి? 2007కి, 2008కి, 2010కి మధ్య ఫిజిక్సు మారిందా? మారింది కంపెనీ మనసు, అంతే. ఏ దేశంలో ఏ ఛానెలు, ఎంత పవరు అన్నది లినక్సులో ఒక పట్టిక రూపంలోనే ఉంది, మన దేశం సంకేతం ఐఎన్‌తో సహా. నిబంధనల్ని పాటించే ఏర్పాటు చేసుకుని కూర్చున్నవాళ్లని చూపించి "వీళ్లు పాటించరు" అనడం ఏం న్యాయం?

మూడో సమర్థింపు: "లినక్సు వాడేదెంతమంది? వ్యాపారం అన్నాక లాభం చూసుకోరా?"

నిజం చెప్పాలంటే వీటన్నిట్లో నిజాయితీ ఉన్న వాదన ఇదొక్కటే. డెస్క్‌టాపు మీద లినక్సు వాడేవాళ్లు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ నేను అడిగేది డ్రైవరు రాసిపెట్టమని కాదే! చేతిలో ఉన్న పత్రం ఇవ్వమని, ఫర్మ్‌వేరు ఫైలుని పంచుకోవడానికి అనుమతి ఇవ్వమని. దానికయ్యే ఖర్చెంత?

ఇంకో మాట. "లినక్సుకి మా దగ్గర డ్రైవరు లేదు" అనేది చాలాసార్లు అబద్ధం. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటరు గుర్తుందా? నీలం నలుపు పెట్టె, రెండు యాంటెన్నాలు. 2003లో దాని లోపల లినక్సు ఉందని బయటపడింది, జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్సు ఇవ్వాల్సి వచ్చింది, ఆ సోర్సు మీదే తర్వాత ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొలిచింది. అందులో వైఫై చిప్పు ఎవరిది? బ్రాడ్‌కామ్‌ది. డ్రైవరు? లినక్సుకి రాసినదే, కాకపోతే మూసినది. అంటే లక్షల ఇళ్లలో వాళ్ల చిప్పు లినక్సు మీద సుబ్బరంగా నడుస్తున్న రోజుల్లోనే, ల్యాప్‌టాపు కొన్నవాడికి మాత్రం మొండిచెయ్యి! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటే ఇదే. రూటరు కంపెనీ పెద్ద బేరం, దానికి డ్రైవరు ఉంది. మీరూ నేనూ చిల్లర బేరం, మనకి లేదు.

నాలుగో సమర్థింపు, ఇది మన ఇంజనీర్లే చేసేది: "లినక్సు కెర్నెల్లో ఇంటర్‌ఫేసులు ఊరికే మారిపోతుంటాయి, కంపెనీ వాడు ఎన్నిసార్లు డ్రైవరు తిరగరాస్తాడు?"

మారతాయి, నిజమే. కానీ డ్రైవరు కెర్నెలు సోర్సులో భాగమైతే, ఇంటర్‌ఫేసు మార్చినవాడే డ్రైవర్లని కూడా సరిచేయాలి, అది అక్కడి పద్ధతి. బయట వేలాడే డ్రైవరుకే ఆ బాధంతా. ప్రతి కెర్నెలు అప్‌డేటుకీ డీకేఎంఎస్ దాన్ని మళ్లీ కంపైలు చేయాలి, సెక్యూర్ బూట్ ఉంటే దానికి సంతకం పెట్టాలి, ఎక్కడో ఒక ఫంక్షను పేరు మారితే మర్నాడు పొద్దున వైఫై హుళక్కి. బ్రాడ్‌కామ్ మూసిన డ్రైవరు డబ్ల్యూఎల్ ఉంది కదా, కంపెనీ దాని ఆఖరి వెర్షను విడుదల చేసింది 2015లో. ఆ తర్వాత వచ్చిన ప్రతి కెర్నెలుకీ దాన్ని అతుకులేసి నడిపిస్తున్నది డెబియన్, ఉబుంటు లాంటి చోట్ల ప్యాకేజీలు చూసుకునే మనుషులే. విండోసులో మాత్రం పాత డ్రైవర్లు చిరంజీవులా? 2007లో విస్టా వచ్చినప్పుడు ఎన్ని ప్రింటర్లు, ఎన్ని స్కానర్లు మూలపడ్డాయో ఆ రోజుల్లో ఉద్యోగాలు చేసిన పెద్దవాళ్లని అడగండి.

ఇక్కడిదాకా చదివి మన లినక్సు వీరాభిమానులు చప్పట్లు కొడుతుంటే కాస్త ఆగండి, మీ వంతూ ఉంది :)

కొత్తగా వచ్చినవాడు వైఫై రాలేదు మొర్రో అంటే మన దగ్గర రెండు రకాల సమాధానాలు దొరుకుతాయి. ఒకటి, "చాలా సింపుల్, కెర్నెలు కంపైలు చేసుకో." వాడు పదో తరగతి పిల్లాడో, రిటైరైన మాస్టారో అయినా సరే ఇదే మంత్రం. రెండోది, "మూసిన ఫర్మ్‌వేరు ముట్టుకోవడం పాపం, ఆ కార్డు పారేసి వేరేది కొనుక్కో." సూత్రం గొప్పదే, కాదనను. నేనూ ఆ సూత్రాన్ని గౌరవిస్తాను. కానీ దాని ఫలితం చూడండి. ఏళ్ల తరబడి డెబియన్ అధికారిక ఇన్‌స్టాలరులో ఫర్మ్‌వేరు ఉండేది కాదు. వైఫై రావాలంటే ఫర్మ్‌వేరు దించుకోవాలి, ఫర్మ్‌వేరు దించుకోవాలంటే వైఫై రావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు! చివరికి 2022లో డెబియన్ వాళ్లు ఓటింగు పెట్టుకుని, ఇన్‌స్టాలరులో ఫర్మ్‌వేరు పెట్టాలని తీర్మానించారు. 2023 జూన్లో వచ్చిన డెబియన్ 12 నుంచి అలాగే వస్తోంది.

నా దృష్టిలో అది సరైన నిర్ణయం. సూత్రం కోసం పోరాడాల్సింది చిప్పు కంపెనీ గుమ్మం ముందు. లినక్సు మొదటిసారి వేసుకుంటున్నవాడి హాల్లో కాదు. అతని ల్యాప్‌టాపు అప్పటికే కొనేశాడు, కంపెనీకి డబ్బు ముట్టేసింది. ఇప్పుడతన్ని శిక్షిస్తే ఎవరికి నష్టం? అతను తిరిగి దొంగ విండోస్‌కి పోతాడు, కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇక దుకాణం సంగతికొద్దాం, ఎందుకంటే అసలు మోసం జరిగేది అక్కడే. మోసం అంటే పెద్దమాట అంటారేమో, వినండి.

యూఎస్‌బీ వైఫై అడాప్టర్లున్నాయి. పెట్టె మీద ఒకే మోడల్ పేరు, ఒకే బొమ్మ, ఒకే ధర. లోపల మాత్రం మొదటి వెర్షన్లో ఒక కంపెనీ చిప్పు, రెండో వెర్షన్లో ఇంకో కంపెనీ చిప్పు! మొదటిది లినక్సులో పెట్టగానే వస్తుంది, రెండోదానికి తల బద్దలుకొట్టుకోవాలి. సమీక్షలు చదివి, ఆచితూచి కొన్నవాడు కూడా దెబ్బతింటాడు. కొన్ని అడాప్టర్లయితే పెట్టగానే సీడీ డ్రైవులా అవతారం ఎత్తుతాయి, లోపల విండోస్ డ్రైవరు పెట్టుకుని. లినక్సులో వాటిని మళ్లీ వైఫై కార్డుగా మార్చడానికి వేరే ప్రోగ్రాము కావాలి.

కొన్ని పెద్ద కంపెనీల పాత ల్యాప్‌టాపుల్లో ఇంకో అన్యాయం. వైఫై కార్డు నచ్చలేదు, మార్చుకుందామని మీ డబ్బుతో మంచి కార్డు కొని బిగిస్తే, బయాసులో ఉన్న జాబితా చూసి "ఇది అనుమతి లేని కార్డు" అని యంత్రం బూటే అవదు. మీ ల్యాప్‌టాపు, మీ డబ్బు, మీ స్క్రూడ్రైవరు, అనుమతి మాత్రం వాడిది!

కొత్తవాటిలో ఇంకో తిరకాసు. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 అని రెండు కార్డులు. చూడ్డానికి కవలలు. మొదటిది మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, తగిన స్లాటుంటే ఏఎండీ యంత్రంలో కూడా పనిచేస్తుంది. రెండోది సీఎన్‌వీఐ రకం, దానికి తగ్గ ఇంటెల్ ప్లాట్‌ఫారం ఉంటే తప్ప ఉలకదు పలకదు. ఏఎక్స్210, ఏఎక్స్211 కూడా ఇదే తంతు. "ఇంటెల్ కార్డు కొనుక్కో, గొడవుండదు" అని సలహా ఇచ్చేవాళ్లు ఈ ఒక్క అంకె తేడా కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

పెట్టె మీద చిప్పు పేరు రాయడానికి ఏమవుతుంది? మన దేశంలో వైఫై పరికరం అమ్మాలంటే కేంద్ర ప్రభుత్వ డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఈటీఏ ఆమోదం కావాలి. అమెరికాలో ఎఫ్‌సీసీ నంబరు కావాలి, ఆ నంబరు కొట్టి వెతికితే చాలా పరికరాల లోపలి ఫోటోలు కూడా దొరుకుతాయి. అంటే ప్రభుత్వాల గుమ్మం తొక్కడానికి కాయితాలన్నీ సిద్ధం, డబ్బు కట్టే మనకి మాత్రం "802.11 ఏసీ" అన్న ఒక్క ముక్క. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనే వస్తువు నాణ్యత, ప్రమాణాల గురించి తెలుసుకునే హక్కు మనకుందంటోంది. బిస్కెట్ పాకెట్టు మీద పిండెంతో చక్కెరెంతో రాయించుకున్న దేశం, యాభై వేల ల్యాప్‌టాపు మీద చిప్పు పేరు రాయించుకోలేదా?

అడిగితే వస్తుందా అంటారా? వస్తుంది. రియల్‌టెక్ పేరు చెబితేనే లినక్సు వాడేవాళ్లు దణ్ణం పెట్టే రోజులుండేవి. 2019లో 5.2 కెర్నెల్లోకి ఆర్‌టీడబ్ల్యూ88, 2022 జనవరిలో 5.16తో ఆర్‌టీడబ్ల్యూ89 డ్రైవర్లు వచ్చాయి, రాసింది కంపెనీ ఇంజనీర్లే. మీడియాటెక్ చిప్పులకి ఎంటీ76 ఉంది. వీళ్లందరికీ ఉన్నట్టుండి జ్ఞానోదయం అయిందని నేననుకోను. క్రోమ్‌బుక్‌లాంటి యంత్రాల్లో నడిచేది లినక్సు కెర్నెలే కాబట్టి, వేల లెక్కన కొనేవాడు "డ్రైవరు ఎక్కడ?" అని అడిగాడు, వీళ్లు రాశారు అనుకుంటాను. అడగందే అమ్మైనా పెట్టదు, చిప్పు కంపెనీ పెడుతుందా?

మరి వేల లెక్కన కొనేవాళ్లు మన దగ్గర లేరా? ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని ఇంజనీరింగు కాలేజీలు, ప్రతి కాలేజీలో ల్యాబులు. ప్రభుత్వ బడులకి, ఆఫీసులకి కొనే కంప్యూటర్లు. మనం పనిచేసే కంపెనీలు కొనే ల్యాప్‌టాపులు. 2015లోనే కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరుకి ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. సీడ్యాక్ వాళ్ల బాస్ లినక్సు ఉంది, తెలుగువాళ్ల కోసం స్వేచ్ఛ వాళ్లు పాటుపడుతున్నారు. కేరళ బడుల్లో పిల్లలు లినక్సు మీదే చదువుకుంటున్నారు. సాఫ్ట్‌వేరు విధానం ఉంటే సరిపోదు. టెండరు కాయితంలో ఒక్క వాక్యం కావాలి: "వైఫై కార్డు డ్రైవరు అధికారిక లినక్సు కెర్నెల్లో ఉండవలెను." ఖర్చు? ఒక వాక్యం టైపు చేసినంత.

ఆ వాక్యం రాయించగలిగేది ఎవరు? కలెక్టరుగారికి, ప్రిన్సిపాలుగారికి వైఫై చిప్పుల గొడవ ఎలా తెలుస్తుంది? తెలిసింది మనకే. అందుకే ఈ ఉపన్యాసమంతా మన ఐటీ జనం కోసం. చేయాల్సినవి పెద్ద పనులేం కాదు.

ఒకటి. ల్యాప్‌టాపు కొనేముందు, ఎవరికైనా కొనిపెట్టేముందు, చిప్పు పేరు అడగండి. దుకాణంవాడికి తెలియకపోతే తెలుసుకుని చెప్పమనండి. పదిమంది అడిగితే పదకొండోసారి అతనే తెలుసుకుని ఉంటాడు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో సెకండ్ హ్యాండ్ యంత్రం కొంటున్నారా? లైవ్ లినక్సు ఉన్న పెన్‌డ్రైవు జేబులో వేసుకెళ్లి, దాంతో బూట్ చేసి, వైఫై వస్తేనే డబ్బు తీయండి. ఐదు నిమిషాల పని.

రెండు. పాత యంత్రంతో ఇరుక్కున్నవాళ్లకి దారి చెప్పండి, వెక్కిరించకండి. ఫోనుని యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగు ఆన్ చేస్తే చాలాసార్లు వెంటనే నెట్ వస్తుంది, పిచ్చీ పెళ్లీ ముడి అక్కడ విడిపోతుంది. తర్వాత ఎల్ఎస్‌పీసీఐ కొట్టి చిప్పు ఏదో చూడటం, ఆర్ఎఫ్‌కిల్‌తో ఎక్కడైనా స్విచ్చి ఆఫ్ అయి ఉందేమో చూడటం, డీమెసెజ్‌లో ఫర్మ్‌వేరు దొరకలేదన్న గోల ఉందేమో చూడటం. ఈ మూడూ అయ్యాకే మిగతా మంత్రాలు.

మూడు. మీ కాలేజీకి అతిథిగా పిలిస్తే, "కష్టపడి చదవండి" అని అందరూ చెప్పేదే చెప్పి శాలువా కప్పించుకుని వచ్చేయకండి. ల్యాబుకి కంప్యూటర్లు కొనే మాస్టారిని కలిసి, పైన చెప్పిన ఒక్క వాక్యం రాసిచ్చి రండి.

నాలుగు. పనిచేయని కార్డుని భరించకండి. వాపసు గడువులో ఉంటే తిప్పి పంపండి, కారణం దగ్గర "లినక్సులో పనిచేయదు" అని రాయండి. కంపెనీవాడికి అర్థమయ్యే భాష వాపసు వచ్చిన పెట్టె.

ఇవేవీ చేయం, లినక్సుని మాత్రం తిడతాం అంటే మీ ఇష్టం. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇవాళ దాచింది వైఫై చిప్పు వివరాలే కదా అనుకుంటున్నారు. రేపు కారులో, టీవీలో, కరెంటు మీటరులో, పొలంలో మోటారుకి పెట్టే పెట్టెలో ఇదే తంతు. డబ్బు కట్టి కొన్నది మనదా, అమ్మినవాడిదా అన్నదే అసలు ప్రశ్న. దానికి అతి చిన్న పరీక్ష ఈ బొటనవేలంత కార్డు. ఇక్కడే నోరు మెదపనివాళ్లం, మోటారు దగ్గర ఏం అడుగుతాం?

ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు ర్యామెంత, డిస్కెంత, డిస్కౌంటెంత అని అడిగాక, ఇంకొక్క ప్రశ్న అడగండి. "ఇందులో వైఫై చిప్పు ఎవరిదండీ?" మొదట వింతగా చూస్తాడు. చూడనివ్వండి.